సగంలో ఆగే అద్దం: పాత కారు పవర్ విండో మోటారు మరమ్మతు, నా అనుభవం

స్విచ్ నొక్కితే అద్దం సగం దాకా లేచి ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాలు వదిలేసి మళ్లీ నొక్కితే ఇంకో నాలుగు వేళ్లు లేస్తుంది, మళ్లీ మొండికేస్తుంది. పాత కార్ల పవర్ విండోల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. దీనికి అందరూ చెప్పే మందు కూడా ఒకటే: మోటారు మార్చెయ్. మార్చగానే అద్దం చకచకా లేస్తుంది కాబట్టి రోగం కుదిరిందనుకుంటాం. కొన్నాళ్లకు ఆ కొత్త మోటారు కూడా అదే దారి పడుతుంది. నా లెక్కలో మోటారు తనంతట తాను పోవడం తక్కువ. ఎండి బిగుసుకున్న ఛానల్ (అద్దం జారే రబ్బరు గాడి) ఒక వైపు నుంచి, కరెంటును దారిలోనే మింగేసే వైరింగు ఇంకో వైపు నుంచి దాన్ని చంపుతాయి.

ఇక్కడ చెప్పే పని 1970ల నాటి ఒక అమెరికన్ సెడాన్ డ్రైవర్ వైపు డోర్ మీద చేసింది. అద్దాన్ని లేపి దించే కత్తెర చేతుల విండో మెషీన్, దానికి రివెట్లతో బిగించిన మాగ్నెట్ మోటారు, 12 వోల్టుల వైరింగు. ఇంకా పాత కార్లలో అమరిక వేరుగా ఉంటుంది, అది చివర్లో చెప్తాను.

డోర్ ప్యాడ్ ఊడదీశాక మొదట చేతిలోకి తీసుకునేది మీటరు, పానా కాదు. రెండు కొలతలు కావాలి. అద్దం పైకి లేస్తుండగా మోటారు రెండు తీగల మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయి, అదే సమయంలో ఎన్ని ఆంపియర్లు లాగుతోంది. రెండోదానికి డీసీ కొలిచే క్లాంప్ మీటరు ఉండాలి, ఏసీ మాత్రమే కొలిచేది పనికిరాదు. ఈ రెండు అంకెలు ఎందుకంటే, ఇలాంటి మోటారు లాగే కరెంటు దాని మీద పడ్డ బరువును బట్టి ఉంటుంది, తిరిగే వేగం దానికి అందిన వోల్టేజీని బట్టి ఉంటుంది. కరెంటు ఎక్కువ, వోల్టేజీ బాగుంది అంటే ఎక్కడో ఏదో బిగుసుకుంది. కరెంటు మామూలుగా ఉండి వోల్టేజీ పడిపోతే తప్పు వైరింగుది. వోల్టేజీ బాగుండి, కరెంటు తక్కువగా ఉండి, అద్దం మాత్రం నత్తనడక నడుస్తుంటే కార్బన్లో (మోటారు లోపలికి కరెంటు అందించే ముక్కలు), అవి ఆని ఉండే రాగి పలకల చుట్టు, అంటే కమ్యుటేటరో చూడాలి. డోర్ మీద పిడికిలితో ఒకటి గుద్దితే మోటారు కదిలిందంటే అదీ కార్బన్ల పనే, హోల్డర్‌లో ఇరుక్కుని కమ్యుటేటర్‌కు ఆనడం లేదన్నమాట.

ఈ డోర్‌లో వచ్చిన అంకెలు: బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, మోటారు దగ్గర 8.9, కరెంటు 16 ఆంపియర్లు. అంటే రెండు జబ్బులూ ఉన్నాయి. మూడున్నర వోల్టులు దారిలో పోతున్నాయి, అద్దమేమో మామూలు కంటే రెట్టింపు బరువుగా ఉంది. ఈ సైజు డోర్‌కు బాగున్న అద్దం లేచేటప్పుడు 7 నుంచి 10 ఆంపియర్ల మధ్య ఉంటే సంతోషమే. పూర్తిగా ఆగిపోయిన మోటారైతే 20 నుంచి 30 దాకా లాగుతుంది.

వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడానికి ఒక పొడుగాటి తీగ చాలు. దాని ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోదాన్ని మీటరుకు కలిపి, మీటరు ఇంకో ముల్లును కరెంటు వచ్చే దారి పొడవునా ఒక్కో కనెక్టర్ దగ్గర ఆనిస్తూ పోవాలి. ప్రతిసారీ ఎవరో ఒకరు స్విచ్ నొక్కి పట్టుకోవాలి, మోటారు లాగుతున్నప్పుడే నష్టం కనిపిస్తుంది. స్విచ్ వదిలేసి కొలిస్తే కుళ్లిన తీగ కూడా నిండు 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. టెస్ట్ ల్యాంప్ వెలిగింది కాబట్టి వైరింగు బాగుందని తేల్చేవాళ్లు పడే గుంట ఇదే. చిన్న బల్బు లాగే అర ఆంపియరుకు ఒక్క పోగు మిగిలినా సరిపోతుంది.

పాజిటివ్ వైపు పోయిన మొత్తం 2.2 వోల్టులు. డ్యాష్ కింద కనెక్టర్ దాకా 0.3, కీళ్ల దగ్గర డోర్‌లోకి దాటే చోట 0.8, స్విచ్ కాంటాక్టుల్లో 0.8, మోటారు ప్లగ్గులో 0.3. అదే పద్ధతిలో ఎర్త్ వైపు (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) చూస్తే 1.3: స్విచ్‌లో 0.5, కీళ్ల దగ్గర 0.6, మిగతావన్నీ కలిపి 0.2. ఎర్త్ వైపు కొలవడం చాలామంది మర్చిపోతారు. ఈ మోటారుకు రెండు తీగలూ స్విచ్ గుండానే పోతాయి. పైకి నొక్కితే ఒక తీగకు పాజిటివ్, రెండోదానికి ఎర్త్, కిందికి నొక్కితే తారుమారు. నొక్కనప్పుడు రెండూ ఎర్త్‌కే ఆని ఉంటాయి. పైగా వెనక డోర్ల మోటార్లు కూడా తమ ఎర్త్‌ను డ్రైవర్ దగ్గరున్న మాస్టర్ స్విచ్ గుండానే తీసుకుంటాయి. అందుకే వెనక అద్దం తన డోర్ స్విచ్‌తో కదలకపోతే ముందు చూడాల్సింది ఆ డోర్‌ని కాదు, మాస్టర్ స్విచ్‌ని. మాస్టర్ స్విచ్ తీసేసి మిగతా డోర్లు పరీక్షిస్తే ఒక్కటీ పనిచేయదు, కంగారు పడక్కర్లేదు. ఇంకో మాట: మాగ్నెట్ మోటారు పైకి పోయి కిందికి పోకపోతే, లేదా కిందికి పోయి పైకి రాకపోతే, తప్పు దాదాపు ఎప్పుడూ స్విచ్‌దో తీగదో. మోటారుకు దిక్కుల తేడా తెలియదు.

కీళ్ల దగ్గర తీగలు ముడతల రబ్బరు గొట్టంలోంచి పోతాయి. డోర్ తెరిచిన ప్రతిసారీ అక్కడ వంగుతాయి. పైన తొడుగు నిక్షేపంగా ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. పాజిటివ్ తీగను రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే ఒక చోట తొడుగు సాగింది, రబ్బరు బ్యాండులా. అక్కడ కోసి చూస్తే 19 పోగుల్లో 6 మిగిలాయి, అవి కూడా పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. ఇలాంటి చోట తెగినంత మేర అతికి టేపు చుట్టడం దండగ పని. సోల్డరు రాగి పోగుల్లోకి పాకి ఆ మేరకు తీగను కడ్డీలా చేస్తుంది, ఆ కడ్డీ అంచున వంగిన తీగ మళ్లీ తెగుతుంది. గొట్టానికి అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు వదిలి, మధ్య ముక్క మొత్తం సన్నపోగుల కొత్త తీగ వెయ్యాలి. అతుకులు రెండూ వంగని చోట పడాలి. తీగ మందం 2.5 చదరపు మి.మీ. తీసుకున్నాను.

స్విచ్ విప్పేటప్పుడు కింద తెల్లటి గుడ్డ పరుచుకోండి, లోపలి చిన్న స్ప్రింగులు, మీట పలకలు ఎగిరిపోతాయి. ఈ స్విచ్‌లో రాగి కాంటాక్టు మధ్యలో మినప గింజంత గుంట, చుట్టూ మసి. 16 ఆంపియర్లు పోతుంటే 0.8 వోల్టులు అక్కడ నిలబడుతున్నాయంటే ఆ కొస మీద దాదాపు 13 వాట్లు వేడి. స్విచ్ పైన ప్లాస్టిక్ కరిగినట్టు వంగి ఉండటానికి కారణం అదే. 600 నంబరు నీటి కాగితంతో (సన్నటి గరుకు కాగితం) గుంట అంచులు సమం చేసి, కాంటాక్టు క్లీనర్‌తో కడిగి, పలకను కొద్దిగా వంచి ఒత్తిడి పెంచితే నష్టం 0.2కు దిగింది. ఎండిపోయిన పాత గ్రీజు తుడిచేశాక కొత్తగా పూసేది కాంటాక్టుల మీద కాదు, మీట జారే చోట మాత్రమే.

ఈ స్విచ్‌ల మీద భారం తగ్గించాలంటే రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు. ఒక్కో అద్దానికి ఐదు కాళ్ల రిలేలు రెండు కావాలి. కాళ్ల మీద నంబర్లు ఉంటాయి. రెండింట్లోనూ 87కు బ్యాటరీ పాజిటివ్, 87ఎ కు ఎర్త్, 30 నుంచి మోటారు తీగ. ఒక రిలే 30 మోటారు ఒక తీగకు, రెండో రిలే 30 ఇంకో తీగకు. స్విచ్ నుంచి ఇదివరకు మోటారుకు పోయిన రెండు తీగలూ ఇప్పుడు చెరో రిలే 86కు, 85లు రెండూ ఎర్త్‌కు. నొక్కనప్పుడు మోటారు రెండు కొసలూ 87ఎ గుండా ఎర్త్ అయి ఉంటాయి కాబట్టి స్విచ్ వదలగానే మోటారు జారకుండా టక్కున ఆగుతుంది. నాలుగు కాళ్ల రిలే తెచ్చుకుంటే ఈ పని జరగదు, దానికి 87ఎ ఉండదు. రిలేలను డోర్ అడుగున పెట్టకండి, నీళ్లు కారే చోటు అది. పైభాగంలో, కాళ్లు కిందికి చూసేలా బిగించాలి. అసలు వైరింగు కొయ్యడానికి మనసొప్పని వాళ్లు పాత ప్లగ్గులకు సరిపోయే మగ, ఆడ కనెక్టర్లతో మధ్యలో ఒక చిన్న హార్నెస్ (తీగల కట్ట) చేసుకోవచ్చు, కావాలంటే రేపు ఊడదీయొచ్చు. పాజిటివ్ లైనుకు మాత్రం కారుతో వచ్చిన సర్క్యూట్ బ్రేకరు అలాగే ఉంచండి. పాత కార్లలో అక్కడ ఫ్యూజు పెట్టకపోవడానికి కారణం ఉంది: అద్దం పైకి చేరి మోటారు ఆగిన ఆ అర సెకను భారీ కరెంటుకు ఫ్యూజు మాటిమాటికీ పోతుంది, బ్రేకరు తట్టుకుంటుంది.

వైరింగు పని అయ్యాక మోటారు దగ్గర 11.7 వోల్టులు వచ్చాయి. సగంలో ఆగడం పోయింది. కానీ కరెంటు 16 దగ్గరే ఉంది, అద్దం చివరిదాకా పోవడానికి 7 సెకన్లు పట్టింది. ఇక్కడ సరిపెట్టుకుంటే పని సగంలో వదిలినట్టే. మోటారు లోపలే ఉండే చిన్న బ్రేకరు వేడెక్కి మళ్లీ ఆపేసే రోజు ఎంతో దూరం ఉండదు.

ఇప్పుడు మెకానికల్ వైపు. చేతులు డోర్ లోపల పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి, పొరపాటున ఎవరైనా స్విచ్ తాకితే కత్తెర చేతుల మధ్య వేళ్లు నలుగుతాయి. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి మందపాటి చేతి తొడుగులు తప్పవు. బ్యాటరీ తియ్యకముందే స్విచ్‌తో అద్దాన్ని పూర్తిగా పైకి ఎత్తి, డోర్ ఫ్రేము మీదుగా అటూ ఇటూ వెడల్పు టేపు మూడు పట్టీలు వేసి కట్టాను. ఫ్రేము లేని హార్డ్‌టాప్ డోరైతే డోర్ నడుము దగ్గర, అద్దం బయటికొచ్చే సందులో రబ్బరు చీలలు దూర్చి నిలబెట్టాలి. మోటారు పూర్తిగా చచ్చి అద్దం కిందే ఉండిపోతే చేత్తో లేపడానికి ప్రయత్నించకండి. మోటారుకున్న వార్మ్ గేరు (మరచుట్టు గేరు) మోటారు వైపు నుంచి తిప్పితే తిరుగుతుంది, అద్దం వైపు నుంచి తోస్తే తిరగదు. అద్దం దానంతటది జారిపోకుండా కాపాడేదీ ఈ గుణమే, ఇప్పుడు అడ్డం వచ్చేదీ ఇదే. అలాంటప్పుడు అద్దాన్ని కత్తెర చేతుల నుంచి విప్పేసి విడిగా ఎత్తుకోవాలి.

అద్దం విండో మెషీన్ నుంచి విడిపోయాక ఒక పరీక్ష చేయాలి, ఇది చాలా తక్కువ మంది చేస్తారు. టేపు విప్పి, వేలాడే స్ప్రింగు కాటాను అద్దం కింది పట్టీకి తగిలించి మెల్లగా పైకి లాగితే ఎంత చూపిస్తుందో చూడటం. ఈ అద్దం బరువు నాలుగున్నర కిలోలు. లాగడానికి పట్టింది 11 కిలోలు. అంటే ఆరున్నర కిలోల రాపిడి. మోటారు ఇన్నాళ్లూ అద్దాన్నే కాదు, ఛానల్‌ను కూడా లాగుతోంది. ఛానల్ ఫెల్టు ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉంది, రబ్బరు గోరు దిగనంత గట్టిపడింది. గట్టి రబ్బరు మీద సిలికాన్ స్ప్రే కొడితే నాలుగు రోజులు బాగుంటుంది, అంతే. ముందు నిలువు ఛానల్, వెనక నిలువు ఛానల్, పైది మూడూ మార్చాలి. పాత ఛానల్ తీశాక లోపలి లోహపు గాడిని వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పోయిన చోట ప్రైమరు పూసి ఆరాక కొత్తది దూర్చాలి. తుప్పు పొర మీదే దూర్చితే ఆ మందమంతా అద్దం మీద పడుతుంది. కొత్త ఫెల్టు మీద సిలికాన్ స్ప్రే పలచగా రెండు సార్లు. గ్రీజు, ఇంజను ఆయిలు లాంటివి ఇక్కడ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది, దుమ్ము అంటుకుంటుంది. తర్వాత అదే కాటా 6 కిలోలు చూపించింది.

ఇక విండో మెషీన్ బయటికి తియ్యడం. ఈ మొత్తం పనిలో మనిషికి అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలే చోటు ఇదే కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. అద్దం బరువును సమతూకం చేయడానికి విండో మెషీన్‌కు చుట్ట స్ప్రింగు ఒకటి ఉంటుంది, గడియారం స్ప్రింగు లాంటిదే గానీ బలిష్ఠమైనది. అద్దం తగిలించి లేనప్పుడు ఆ బలాన్నంతా ఆపి ఉంచేది మోటారు పినియన్ (దాని కొసన ఉన్న చిన్న పళ్లచక్రం) ఒక్కటే. మోటారు రివెట్లు తీసి పక్కకు జరిపిన మరుక్షణం సెక్టర్ గేరు (పినియన్ తిప్పే, విసనకర్ర ఆకారపు పళ్ల పలక) గిర్రున తిరుగుతుంది, దారిలో వేలు ఉంటే వేలు పోతుంది. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే తెగుతుంది. కాబట్టి మోటారు ముట్టుకునే ముందు సెక్టర్ గేరుకూ దాని వెనకున్న పలకకూ కలిపి ఒకేసారి 6.5 మి.మీ. రంధ్రం కొట్టి, అందులోంచి 6 మి.మీ. బోల్టు దూర్చి నట్టు బిగించాలి. రంధ్రం పళ్లకు కనీసం 15 మి.మీ. ఎడంగా పడేలా చూసుకోండి. సీ క్లాంపుతో పట్టించి పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. నూనె, గ్రీజు పట్టిన పలక మీద క్లాంపు జారుతుంది, నేను దాన్ని నమ్మను.

మోటారును పట్టి ఉంచిన రివెట్లు మూడు, పావు అంగుళానివి. ప్రతి రివెట్ తల మధ్య సెంటర్ పంచ్‌తో గుంట పెట్టి, ముందు 3 మి.మీ. బిట్‌తో, తర్వాత 6 మి.మీ. బిట్‌తో తొలిచి, ఉలితో తల లేపేస్తే మిగతా ముక్క పంచ్‌తో కొడితే పడిపోతుంది. పెద్ద బిట్ నేరుగా పెడితే పక్కకు జారి మోటారు గేరు పెట్టె చెవిని తినేస్తుంది, అది అల్యూమినియం పోత, మెత్తగా ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు రివెట్ల జాగాలో పావు అంగుళం బోల్టులు వెయ్యండి. 6 మి.మీ. బోల్టు ఆ రంధ్రంలో కాస్త ఆడుతుంది, ఆ ఆట పినియన్‌కూ సెక్టర్‌కూ మధ్య పళ్ల పట్టును చెడగొడుతుంది. బోల్టు కొస సెక్టర్ గేరు తిరిగే దారిలోకి పొడుచుకు రాకూడదు. నట్టుకు నైలాన్ పట్టు ఉండాలి, లేదంటే థ్రెడ్ లాకరు ఒక చుక్క.

మోటారు విప్పే ముందు దాని డబ్బా (మాగ్నెట్లున్న పై తొడుగు) మీద నుంచి గేరు పెట్టె మీదకు సూదితో ఒక గీత గీయాలి. ఈ గీత లేకపోతే డబ్బాను సగం చుట్టు తిప్పి బిగించే ప్రమాదం ఉంది. అప్పుడు మాగ్నెట్ల ఉత్తర దక్షిణాలు తారుమారై మోటారు ఉల్టా తిరుగుతుంది, పైకి నొక్కితే అద్దం కిందికి పోతుంది. డబ్బాను సుత్తితో కొట్టి వదులు చెయ్యొద్దు. లోపలి మాగ్నెట్లు ఫెరైట్ ముక్కలు, పింగాణీ లాంటివి, పగిలిపోతాయి. రెండు పొడుగు స్క్రూలు విప్పి నేరుగా లాగాలి, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) మాగ్నెట్లకు అతుక్కుని దాంతో పాటే వస్తుంది. ఆర్మేచర్ కొసన ఒక చిన్న ఉక్కు గోలీ ఉండొచ్చు, అది జారి కింద పడితే దొరకదు. అందుకే పళ్లెంలో పెట్టి విప్పుతాను.

లోపల కనిపించినవి: తేనెమైనంలా గడ్డకట్టిన గోధుమ రంగు గ్రీజు, 4 మి.మీ. మిగిలిన కార్బన్లు, నల్లబడిన కమ్యుటేటర్. నా కొలత ప్రకారం కార్బన్ 5 మి.మీ. కన్నా తగ్గితే మార్చేయడమే, ఎందుకంటే వెనక స్ప్రింగు ఒత్తిడి అప్పటికే చాలదు. అదే కొలత కార్బన్ దొరక్కపోతే కాస్త పెద్దది తెచ్చి సన్నటి గరుకు కాగితం మీద రుద్ది సైజుకు తేవచ్చు. హోల్డర్‌లో వదులుగా జారాలి, గలగలలాడకూడదు. కమ్యుటేటర్‌ను 600 కాగితం పట్టీతో చుట్టి తిప్పుతూ శుభ్రం చేసి, పలకల మధ్య గాడుల్లో పేరుకున్న కార్బన్ పొడిని పుల్లతో గీకి తీశాను. ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని రవ్వలు గాడుల్లో ఇరుక్కుని పలకలను షార్ట్ చేస్తాయి. తర్వాత మీటరుతో పక్కపక్క పలకల మధ్య రెసిస్టెన్స్ చూడాలి. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, అన్ని జంటల మధ్యా ఒకటే ఉండాలి. ఒక జంట మాత్రం చాలా ఎక్కువ చూపిస్తే అక్కడ వైండింగు తెగింది. ఏ పలక నుంచైనా షాఫ్టుకు కరెంటు దాటితే ఆ ఆర్మేచర్ పనికిరాదు, అప్పుడే మోటారు మార్చే మాట ఆలోచించాలి.

కార్బన్ల పలక మీదే చిన్న బ్రేకరు ఒకటి ఉంటుంది, రెండు లోహాలు కలిపిన పట్టీ. వేడెక్కితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే కలుపుతుంది. మొదట చెప్పిన రెండు మూడు నిమిషాల విరామం దీని పుణ్యమే. అది అడ్డం అనుకుని దాని మీదుగా తీగ టంకం పెట్టేవాళ్లున్నారు. స్విచ్ ఇరుక్కుపోయిన రోజున ఆగిన మోటారు 25 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది, డోర్ లోంచి పొగ వస్తుంది. కాంటాక్టు మసి తుడవండి, పట్టీని వంచకండి.

గేరు పెట్టెలో పాత గ్రీజు మొత్తం తీసెయ్యాలి. ప్లాస్టిక్ గేరుకు పెట్రోలు, థిన్నరు తగలనీయకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. ఫోర్డ్ మోటార్లు కొన్నింట్లో గేరు లోపల మూడు ప్లాస్టిక్ గుళ్లు ఉంటాయి, కుదుపు తట్టుకోవడానికి. అవి కాలం గడిచే కొద్దీ పొడి పొడి అవుతాయి. మోటారు జుయ్ మని తిరుగుతున్న చప్పుడు వస్తుంది, అద్దం అంగుళం కదలదు. మోటారు మార్చకుండా ఆ మూడు గుళ్లు మారిస్తే సరి. విరిగిన ముక్క ఒక్కటి మిగిలినా గేరు ఇరుక్కుంటుంది, పెట్టె మూలలన్నీ గీకి చూసుకోవాలి. గ్రీజు ప్లాస్టిక్‌కు సరిపడేది కావాలి, వార్మ్ మీద, గేరు పళ్ల మీద కలిపి చెంచాడు చాలు. పెట్టె నిండా కూరితే చలిలో అదే బ్రేకులా పనిచేస్తుంది.

తిరిగి కూర్చేటప్పుడు అందరినీ ఏడిపించేది కార్బన్లే. స్ప్రింగులు వాటిని ముందుకు తోస్తుంటాయి, కమ్యుటేటర్ లోపలికి పోదు. సన్నని ఇనుప తీగ రెండు ముక్కలు కొక్కెంలా వంచి, కార్బన్లను వెనక్కి లాగి హోల్డర్ అంచుకు తగిలించాలి. ఆర్మేచర్ కూర్చున్నాక కొక్కేలు లాగేస్తే కార్బన్లు టక్కుమని ఆనుతాయి. తర్వాత గీతకు గీత కలిపి డబ్బా బిగించడం. ఆర్మేచర్ కొసన సరిచేసే స్క్రూ ఉన్న మోటారైతే దాన్ని ఆనేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసి లాక్ నట్టు బిగించాలి. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది, మరీ వదిలితే దిక్కు మార్చినప్పుడల్లా టక్ మని కొట్టుకుంటుంది.

బల్ల మీద 12 వోల్టులు ఇచ్చి చూస్తే ఖాళీగా రెండున్నర ఆంపియర్లు లాగింది, రెండు వైపులా ఇంచుమించు ఒకటే. ఒక వైపు మరీ ఎక్కువగా ఉంటే కార్బన్ సరిగా కూర్చోలేదు, లేదా మాగ్నెట్ ఊడి ఆర్మేచర్‌కు రాసుకుంటోంది. ఊడిన మాగ్నెట్‌ను ఎపాక్సీతో అతికించవచ్చు. ఏ ముఖం లోపలికి ఉందో, ఏ జాగాలో ఉందో ముందే గుర్తు పెట్టుకోవాలి.

మోటారే మార్చాల్సి వస్తే కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పోల్చండి: పినియన్ పళ్ల లెక్క, పళ్ల మందం, మూడు రంధ్రాల మధ్య దూరం, గేరు పెట్టె ఎటు తిరిగి ఉంది. ఎడమ, కుడి మోటార్లు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. ఆకారం ఒకటే ఉండి తిరిగే దిక్కు మాత్రమే వేరైతే రెండు తీగలు మార్చుకుంటే సరిపోతుంది. ఆకారమే వేరైతే ఎంత వంచినా కూర్చోదు.

మొదట చెప్తానన్న పాత అమరిక ఇది. 1940లో ప్యాకార్డ్ తెచ్చిన పవర్ అద్దాలు నూనె ఒత్తిడితో నడిచేవి. పూర్తిగా కరెంటుతో నడిచేవి 1951 క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చాయి. ఆ తరం మోటార్లు చాలావాటిలో మాగ్నెట్ ఉండదు, దాని బదులు పైకి ఒక ఫీల్డ్ వైండింగు (తీగ చుట్ట), కిందికి ఒకటి, ఎర్త్ మోటారు ఒంటి నుంచే. వీటికి పాజిటివ్, ఎర్త్ తారుమారు చేసినా తిరిగే దిక్కు మారదు. ఒంటిని ఎర్త్ చేసి ఒక తీగకు పాజిటివ్ ఇస్తే పైకి, ఇంకోదానికి ఇస్తే కిందికి. కాబట్టి వీటిలో ఒక దిక్కే పనిచేస్తే మోటారు వైండింగును కూడా అనుమానించాలి, పైన చెప్పిన సూత్రం ఇక్కడ వర్తించదు. కొత్తగా రంగు వేసిన డోర్‌లో ఇలాంటి మోటారు కదలకపోతే బోల్టు కింద రంగు గీకి చూడండి, ఎర్త్ దారి మూసుకుపోయి ఉంటుంది. పైన చెప్పిన రిలే అమరిక కూడా వీటికి నప్పదు. 1963 నాటి మెర్సిడెస్ 600 లాంటి హైడ్రాలిక్ అద్దాల జోలికి పోవద్దు, ఆ గొట్టాల్లో 150 బార్ ఒత్తిడి ఉంటుంది.

మోటారు బిగించాక, పినియన్ సెక్టర్ పళ్లలో నిండుగా కూర్చుందని చూసుకున్నాకే ఆ 6 మి.మీ. లాక్ బోల్టు తియ్యాలి. దాన్ని మర్చిపోయి స్విచ్ నొక్కితే సెక్టర్ పళ్లు విరుగుతాయి. అద్దం కలిపి, బోల్టులు వేలితో బిగించి, పూర్తిగా పైకి పంపి ఛానల్‌లో సర్దుకోనిచ్చి అప్పుడు గట్టిగా బిగించాలి. పై స్టాపు సరిచేసుకోవాలి, అద్దం రబ్బరుకు ఆని ఆగాలి గానీ ఫ్రేమును తొయ్యకూడదు.

ఈ డోర్ ఇప్పుడు పైకి 4 సెకన్లు, 8 ఆంపియర్లు. కిందికి 3 సెకన్లు, 4 ఆంపియర్లు. డోర్ ప్యాడ్ వేసే ముందు రెండు పనులు మిగిలాయి. డోర్ అడుగున మట్టితో మూసుకుపోయిన నీటి రంధ్రాలను పుల్లతో పొడిచి, ఒక చెంబుడు నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూశాను. తడిని ఆపే పాత షీటు చిరిగిపోయింది, దాని బదులు మందపాటి ప్లాస్టిక్ షీటు కోసి బ్యూటైల్ టేపుతో అంటించాను. షీటు కింది అంచు రేకు గాడిలోంచి డోర్ లోపలికి దిగి ఉండాలి, బయట వేలాడితే అద్దం మీద నుంచి కారే నీళ్లు ప్యాడ్ అట్టను తడిపి స్విచ్ మీదకు పోతాయి.